అండలూసియాలో ఇద్దరి కారు ప్రయాణం: హడావిడి లేకుండా తిరగడం ఎలా

దక్షిణ స్పెయిన్‌లో కారు వేసుకుని తిరగాలనుకునే దంపతులు నన్ను సలహా అడిగితే, ముందు వాళ్ల జాబితాలోంచి రెండు ఊళ్లు కొట్టేయమంటాను. మాడ్రిడ్, బార్సిలోనా మరోసారికి ఉంచుకోండి. సెవిల్లాలో మొదలుపెట్టి కార్మోనా, కోర్డోబా, గ్రనాడా, ఆంటెకెరా, రోండా చూసుకుంటూ మళ్లీ సెవిల్లా చేరితే చుట్టు 600 కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. దానికి పది రాత్రులు కేటాయించండి: సెవిల్లాలో మూడు, కోర్డోబాలో రెండు, గ్రనాడాలో మూడు, రోండాలో రెండు. ఊరు మారే రోజున స్టీరింగు ముందు రెండున్నర గంటలకు మించి కూర్చోనవసరం లేదు.

మా ఇంట్లో బండి నడిపేది మా వారు. చరిత్ర పాఠాలు చెప్పినదాన్ని కాబట్టి ఎక్కడ ఆగాలో చెప్పేది నేను. ఎంతసేపు నడపాలో ఆయన నిర్ణయిస్తారు, ఆ విషయంలో నేను వాదించను. మీరు కూడా ఈ పంపకం ఇంటి దగ్గరే చేసుకోండి. కూడలి మధ్యలో చర్చ పెట్టుకుంటే ఇద్దరికీ ఆ రోజు పాడవుతుంది.

ఏప్రిల్, మే, లేదా సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా మంచి కాలం. జూలై, ఆగస్టుల్లో కోర్డోబా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మన రోహిణి కార్తెను తప్పించుకుందామని వెళ్లి అక్కడ మళ్లీ అదే ఎండలో పడకండి.

కాగితాల విషయం: వీసా సంగతి అందరికీ తెలిసిందే. దాంతోపాటు మన రవాణా శాఖ కార్యాలయంలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. అది ఏడాది చెల్లుతుంది. ఒరిజినల్ లైసెన్సు కూడా వెంట ఉండాలి. కారు అద్దెకిచ్చేవాళ్లు డిపాజిట్ కోసం బండి నడిపేవారి పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డు అడుగుతారు. భార్య కార్డు, భర్త లైసెన్సు అంటే సాధారణంగా ఒప్పుకోరు. అక్కడి కార్లలో గేర్లు మార్చుకునేవే ఎక్కువ. స్టీరింగు ఎడమవైపు, గేరు కుడిచేతికి వస్తుంది కాబట్టి, అలవాటయ్యే దాకా ఇబ్బంది పడకుండా ఆటోమేటిక్ కారునే ముందుగా బుక్ చేసుకోండి. అద్దె కాస్త ఎక్కువైనా ఆ డబ్బు దండగ కాదు. రెండు సూట్‌కేసులు పట్టే చిన్న కారు చాలు, పాత ఊళ్ల సందుల్లో పెద్దది తిరగదు.

సెవిల్లాలో ఉన్నన్నాళ్లూ కారు వద్దు. పెద్ద చర్చి, దాని గంటల గోపురం హిరాల్దా, అల్కాసర్ రాజభవనం అన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి. హిరాల్దా పైకి చాలామటుకు మెట్లుండవు, వాలుదారి ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కూడా మెల్లగా ఎక్కవచ్చు. ఊరు వదిలే ఉదయం కారు తీసుకుంటే పార్కింగు ఖర్చు, తలనొప్పి రెండూ తప్పుతాయి.

రోడ్డుకు కుడివైపున నడపాలన్నది తిన్నని దారిలో ఇట్టే అలవాటవుతుంది. ప్రమాదమంతా ఎడమకు మలుపు తిరిగినప్పుడు, పెట్రోలు బంకులోంచి బయటికి వచ్చినప్పుడు. ఆ రెండు చోట్లా పక్కన కూర్చున్నవాళ్లు "కుడి" అని గట్టిగా చెప్పాలి. నేను ఇప్పటికీ చెబుతాను. రౌండబౌట్‌లో లోపల తిరుగుతున్న బండికే ముందు హక్కు. మోటారు మార్గం మీద గంటకు 120, మామూలు రోడ్డు మీద 90, ఊళ్లో ఒక్కో వైపు ఒక్కటే వరుస ఉన్న వీధిలో 30 కిలోమీటర్లు గరిష్ఠ వేగం. సెవిల్లా నుంచి కోర్డోబా వెళ్లే ఏ-4 మీద, గ్రనాడా నుంచి ఆంటెకెరా వైపు వెళ్లే ఏ-92 మీద టోలు లేదు. బంకులో గొట్టం మీద గుర్తు చూడండి: వృత్తంలో ఈ5 అని ఉంటే పెట్రోలు, చతురస్రంలో బీ7 అని ఉంటే డీజిల్.

అన్నిటికన్నా ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. కోర్డోబా, గ్రనాడా పాత బస్తీల్లో చాలా వీధుల్లోకి బయటి కార్లకు ప్రవేశం లేదు. కాపలాకు మనిషి ఉండడు, కెమెరా నంబరు ప్లేటును ఫొటో తీస్తుంది. జరిమానా అద్దె సంస్థకు వెళ్తుంది, వాళ్లు తమ రుసుము కూడా కలిపి మీ కార్డులోంచి తీసుకుంటారు. ఫోనులోని మ్యాపు ఆ వీధుల్లోకే దారి చూపించవచ్చు. అందుకే గది బుక్ చేసిన రోజే హోటల్‌కు రాసి, కారు ఎక్కడ ఆపాలో, నంబరు వాళ్లు నమోదు చేయిస్తారో లేదో కనుక్కోండి. పాత బస్తీ అంచున భూగర్భ పార్కింగులో కారు వదిలేసి పెట్టెలు దొర్లించుకుంటూ నడవడమే నాకు నచ్చిన పద్ధతి. కారులో బయటికి కనబడేలా ఏమీ వదలకండి.

కార్మోనా సెవిల్లాకు ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. రోమన్ల శ్మశానవాటిక చూసి, కాఫీ తాగి కదలండి. కోర్డోబాలో మాత్రం నిదానించాలి. అక్కడి మస్జిదు కట్టడం 785 ప్రాంతంలో మొదలైంది. పాత రోమన్ కట్టడాల, వాళ్ల తర్వాత ఏలిన విసిగోత్‌ల కట్టడాల స్తంభాలు తెచ్చి నిలబెట్టారు. అవి పొట్టివి కావడంతో ఒక కమాను మీద ఇంకో కమాను వేసి కప్పు ఎత్తు పెంచారు. ఇప్పుడు 850కి పైగా స్తంభాలున్నాయి. 1236లో ఊరు క్రైస్తవ రాజుల వశమైంది, 1523లో ఆ స్తంభాల మధ్యలోనే పెద్ద చర్చి కట్టడం మొదలుపెట్టారు. రెండు మతాల చేతిపని ఒకే కప్పు కింద చూసేటప్పుడు నాకు మాట రాదు. ఆదివారం తప్ప ఉదయం 8.30 నుంచి గంటసేపు టికెట్ లేకుండా వదులుతారు. వేళలు మారుతుంటాయి, ముందు రోజు చూసుకోండి.

కోర్డోబా నుంచి గ్రనాడాకు వేగంగా పోయే దారి వద్దు. ఎన్-432 పట్టండి. రెండు వైపులా కనుచూపు మేరా ఆలివ్ తోటలే. బయేనాలో ఆగి నూనె కొనండి, ఆ ఊరి నూనెకు సొంత గుర్తింపు ఉంది. మధ్యాహ్నానికి అల్కలా లా రియాల్ కొండకోట చేరితే బాగుంటుంది. 1341లో క్రైస్తవ రాజ్యమైన కాస్టీల్ రాజు ఈ కోటను గెలుచుకున్నాక, 1492లో ముస్లిం రాజ్యమైన గ్రనాడా లొంగేదాకా రెండింటికీ సరిహద్దు ఇదే. గోడమీద నిలబడి గ్రనాడా వైపు చూస్తే ఆ నూటయాభై ఏళ్ల కాపలా ఏమిటో అర్థమవుతుంది.

గ్రనాడా కొండమీది కోట అల్‌హంబ్రా టికెట్టు విమానం టికెట్ల తర్వాత వెంటనే కొనాల్సినది. లోపలి నస్రిద్ (గ్రనాడానేలిన ముస్లిం వంశం) రాజభవనాలకు టికెట్టు మీద ఉన్న వేళకే పంపిస్తారు, దాటితే లోపలికి రానివ్వరు. పాస్‌పోర్టులు దగ్గర ఉంచుకోండి. సింహాల ప్రాంగణంలో 124 సన్నని స్తంభాలు, పన్నెండు సింహాలు, మధ్యలో ఫౌంటెన్. ఆ నీళ్లెక్కడివి అని తప్పక ఆలోచించండి. గోల్కొండలో నీటిని చక్రాలతో అంచెలంచెలుగా పైకి ఎత్తారు. ఇక్కడ దర్రో నది నీటిని ఎగువన మళ్లించి, కొండవాలు వెంట కాలువ తవ్వి తెచ్చారు.

ఆంటెకెరాలో మెంగా రాతి సమాధి ఐదువేల ఏళ్లకు పైబడినది. దాని ద్వారం ఎదురుగా కనిపించే కొండ వైపు తిరిగి ఉంటుంది. ఆ కొండను ప్రేమికుల శిల అంటారు. మతాలు వేరైన జంట దాని మీదనుంచి దూకిందని కథ.

రోండాలో రాత్రి ఉండి తీరాలి. పగలంతా సముద్రతీరం నుంచి బస్సులు వస్తాయి, సాయంత్రానికి వెళ్లిపోతాయి. 1793లో పూర్తయినా ఇప్పటికీ 'కొత్త వంతెన' అనే పేరున్న వంతెన 98 మీటర్ల ఎత్తున లోయను దాటుతుంది. పొద్దున్నే కిందికి దిగే కాలిబాటలో నడిచి, అడుగునుంచి చూడండి.

తిండి వేళలు మనవి కావు. మధ్యాహ్నం రెండు తర్వాత భోజనం, రాత్రి ఎనిమిదిన్నర దాటాక మళ్లీ వంటగది తెరుస్తారు. మధ్యలో చిన్న ఊళ్లలో దుకాణాలు మూసేస్తారు కాబట్టి పండ్లు, బ్రెడ్డు, నీళ్లు కారులో ఉంచుకోండి. శాకాహారులకు సెవిల్లాలో పాలకూర, శనగల కూర, కోర్డోబాలో తేనె లాంటి చెరకు పాకం పోసిన వంకాయ వేపుడు దొరుకుతాయి. చల్లటి టమాటా సూపు సల్మోరెహో మీద పంది మాంసం ముక్కలు చల్లుతారు, "సిన్ హామోన్" (పంది మాంసం లేకుండా) అని చెప్పి తెప్పించుకోండి.

తిరిగి సెవిల్లా విమానాశ్రయంలో కారు అప్పగించేటప్పుడు ట్యాంకు నింపి, బంకు రసీదు దాచుకోండి. నాలుగు వైపులా, మీటరు బోర్డుకూ ఫొటోలు తీసుకుని, మనిషి వచ్చి చూసి సంతకం పెట్టేదాకా ఆగండి. ఇందుకోసం విమానానికి మరో గంట ముందే బయలుదేరండి.