క్యూ ఖాళీ, ప్రాసెసర్లు బిజీ: క్లస్టర్‌లోకి దొంగ చొరబడితే ఏం చేయాలి?

యూనివర్సిటీ, రీసెర్చ్ ల్యాబ్ క్లస్టర్లు (కలిసి ఒకటిగా పనిచేసే సర్వర్ల గుంపులు) చూసుకునే సిస్టమ్ అడ్మిన్ల కోసం ఇది.

సమస్య: క్యూలో జాబ్‌లు లేవు, అయినా రాత్రిళ్లు ప్రాసెసర్లు వంద శాతం నడుస్తున్నాయి

షెడ్యూలర్ (జాబ్‌లను వరసలో పెట్టి నడిపే ప్రోగ్రామ్) లెక్కనూ, నోడ్ (క్లస్టర్‌లోని ఒక్కో సర్వర్) మీద నిజంగా నడుస్తున్న ప్రాసెస్‌లనూ పక్కపక్కన పెట్టి చూడండి. చాలాసార్లు దొంగ ఉండడు. ఏ స్కాలరో షెడ్యూలర్‌ను దాటేసి ప్రోగ్రామ్ నేరుగా వదిలి హాస్టల్‌కు వెళ్లిపోయి ఉంటాడు. అది కాదని తేలితే క్రిప్టో మైనింగ్‌ను, అంటే మీ ప్రాసెసర్లతో ఎవరో డిజిటల్ కరెన్సీ సంపాదించుకోవడాన్ని, అనుమానించాలి.

2020 మేలో యూరప్‌లో ఇదే పెద్ద గొడవైంది. ఎడిన్‌బరోలోని ఆర్చర్ సూపర్‌కంప్యూటర్, జర్మనీలో బాడెన్-వుర్టెంబర్గ్, యూలిచ్ క్లస్టర్లు, స్విట్జర్లాండ్ జాతీయ సూపర్‌కంప్యూటింగ్ కేంద్రం వరసగా లాగిన్లు ఆపేశాయి. బయటపడిన కేసుల్లో ఒకదానిలో మొనేరో అనే క్రిప్టోకరెన్సీ మైనర్‌ను రాత్రిపూట మాత్రమే నడిచేలా పెట్టారు, పగలు ఎవరి కంటా పడకుండా. సెట్టింగులు ఉండే ఈటీసీ ఫోల్డర్ కింద ఫాంట్స్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే రెండు చిన్న ఫైళ్లు దొరికాయి. ఒకటి రూట్ అధికారం (సిస్టమ్ మీద పూర్తి పెత్తనం) ఇస్తుంది, రెండోది లాగ్‌లలో జాడలు చెరిపేస్తుంది. అందుకే లాగ్ శుభ్రంగా ఉందని నిశ్చింతగా కూర్చోకండి.

పరిష్కారం: రీస్టార్ట్ చేయొద్దు, మెమరీలోని ఆధారాలు పోతాయి. నెట్‌వర్క్ మాత్రం తీసేసి, మెమరీ, డిస్క్ కాపీ తీసుకోండి. సెట్‌యూఐడీ బిట్ (ఎవరు నడిపినా ఫైల్ యజమాని అధికారంతో నడిచేలా చేసే గుర్తు) ఉన్న ఫైళ్ల జాబితాను మంచి మెషీన్ జాబితాతో పోల్చండి. ఇకమీదట లాగ్‌లు వేరే సర్వర్‌కు అప్పటికప్పుడే వెళ్లేలా పెట్టండి.

సమస్య: యూజర్ ఊళ్లోనే ఉన్నాడు, లాగిన్ మాత్రం వేరే దేశం నుంచి. పాస్‌వర్డ్ తప్పిన దాఖలా ఒక్కటీ లేదు

కారణం దాదాపుగా దొంగిలించిన ఎస్‌ఎస్‌హెచ్ కీ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యేందుకు పాస్‌వర్డ్ బదులు వాడే ఫైల్). యూరప్ ఘటనలో కూడా దొంగలు తాళం పగలగొట్టలేదు, అసలు తాళంచెవితోనే వచ్చారు. కెనడా, చైనా, పోలండ్ యూనివర్సిటీల్లో అప్పటికే వాళ్ల చేతికి చిక్కిన అకౌంట్ల నుంచి లాగిన్ అయ్యారు. పరిశోధకులకు నాలుగు చోట్ల అకౌంట్లు ఉంటాయి. పాస్‌ఫ్రేజ్ (కీకి పెట్టే పాస్‌వర్డ్) లేని ప్రైవేట్ కీని ఒక సర్వర్ హోమ్ ఫోల్డర్‌లో వదిలేస్తే, ఆ సర్వర్‌లో రూట్ సంపాదించినవాడికి మిగతా మూడూ తెరుచుకున్నట్టే.

ఇక్కడ అందరూ చేసే పని, టెన్షన్‌లో వెంటనే పాస్‌వర్డ్‌లు మార్చమని మెయిల్ కొట్టడం. ఎస్‌ఎస్‌హెచ్ ప్రోగ్రామ్‌నే మార్చేసి ఉంటే కొత్త పాస్‌వర్డ్ కూడా నేరుగా దొంగకే చేరుతుంది. కాబట్టి ముందు లాగిన్ నోడ్‌ను నమ్మకమైన ఇమేజ్ నుంచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి. తర్వాత ఆథరైజ్డ్ కీస్ ఫైళ్లన్నీ (ఏ కీలను లోపలికి రానివ్వాలో చెప్పే జాబితాలు) ఖాళీ చేయండి, సర్వర్ తన గుర్తింపుకు వాడే హోస్ట్ కీలు మార్చండి. అప్పుడు కొత్త కీలు, పాస్‌వర్డ్‌లు తీసుకోండి. ఆర్చర్ కూడా పాతవన్నీ రద్దు చేసి, తిరిగి తెరిచాక కీ, పాస్‌వర్డ్ రెండూ ఉంటేనే లోపలికి రానిచ్చింది. ప్రొఫెసర్లు విసుక్కుంటారు, ఊరుకోండి.

సమస్య: ఫైళ్లు తెరుచుకోవడం లేదు, డబ్బు అడిగే నోట్ కనిపిస్తోంది

ఇది రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లను లాక్ చేసి డబ్బు గుంజే ప్రోగ్రామ్. నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ యూనివర్సిటీలో 2019 డిసెంబర్ 23న 267 విండోస్ సర్వర్లు లాక్ అయ్యాయి. దొంగలు పంపిన మోసపు మెయిల్‌ను అక్కడివాళ్లు తెరిచింది మాత్రం అక్టోబర్‌లోనే. కొన్ని బ్యాకప్‌లు కూడా నెట్‌వర్క్‌లోనే ఉండి లాక్ కావడంతో 30 బిట్‌కాయిన్లు, అంటే దాదాపు 2 లక్షల యూరోలు కట్టారు. నెట్‌వర్క్‌కు అందని బ్యాకప్ ఒకటి ఉంచడమే దీనికి మందు. రిస్టోర్ చేసేటప్పుడు నిన్నటి కాపీనే గుడ్డిగా పెట్టేయొద్దు, చొరబాటు ఎప్పుడు మొదలైందో తేల్చుకుని అంతకు ముందుది తీయాలి.

మన దేశంలో అయితే 2022 ఏప్రిల్ నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం, ఇలాంటివి కంటపడిన 6 గంటల్లో ఆ సంస్థకు తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. ఆ రిపోర్టుతో పాటు, మీ యూజర్లకు ఇంకెక్కడెక్కడ అకౌంట్లు ఉన్నాయో కనుక్కుని ఆ క్లస్టర్ల అడ్మిన్లకు కూడా అదే రోజు ఫోన్ చేయండి.