లూపస్ నెఫ్రైటిస్: పన్నెండో నెల యూరిన్ రిపోర్టును నమ్మే ముందు

లూపస్ అంటే ఒంటి రక్షణ వ్యవస్థే సొంత అవయవాల మీద దాడి చేసే జబ్బు. అది కిడ్నీని పట్టినవాళ్లకు (లూపస్ నెఫ్రైటిస్) ఏళ్లు గడిచాక కిడ్నీ ఎలా ఉంటుందో ముందే చెప్పగల గుర్తు మూత్రంలోనే ఉంది. ఈ జబ్బు మందుల మీద జరిగిన యూరో-లూపస్ ట్రయల్ రోగుల వివరాలు మళ్లీ తీసి చూస్తే, చికిత్స మొదలైన పన్నెండో నెలకు మూత్రంలో ప్రోటీన్ పోవడం రోజుకు 0.8 గ్రాముల లోపుకు దిగినవాళ్లలో ఎక్కువమందికి ఏడేళ్ల తర్వాత కూడా కిడ్నీ బాగా పనిచేస్తోంది. మెయిన్‌టెయిన్ అనే మరో ట్రయల్‌లో ఆ గీత 0.7 దగ్గర తేలింది. మూత్రంలో ఎర్రకణాల లెక్క కూడా కలిపితే అంచనా మెరుగుపడలేదు, ఇంకా చెడింది. యూరప్ రుమటాలజీ డాక్టర్ల సంఘం యూలార్ పెట్టిన మెట్లు ఇవి: మూడో నెలకు ప్రోటీన్ కనీసం 25 శాతం, ఆరో నెలకు 50 శాతం తగ్గాలి, ఏడాదికి 0.5–0.7 గ్రాముల లోపుకు రావాలి.

అంటే మందు పనిచేసిందా, మార్చాలా అన్నది చాలావరకు ఒక్క అంకె మీద తేలుతుంది. ఆ అంకె తప్పయ్యేది ల్యాబ్‌లో కన్నా ఇంట్లోనే ఎక్కువ.

24 గంటల పరీక్షకు ఆదివారం పొద్దున 6కి మొదలుపెడితే, అప్పుడు వచ్చిన మూత్రం పారబోయాలి. ఆ తర్వాత ప్రతి చుక్కా క్యాన్‌లోకే. సోమవారం 6 గంటలకు వెళ్లేది కూడా అందులోనే పోసి ముగించాలి. దొడ్డికి వెళ్లేటప్పుడు ముందు మూత్రం క్యాన్‌లో పట్టుకోండి; చాలామంది పోగొట్టేది అక్కడే. క్యాన్ చల్లగా ఉండే చోట పెట్టండి.

ప్రోటీన్‌తో పాటు క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చి మూత్రంలో పోయే వ్యర్థం) కూడా కొలవమని చీటీలో రాయించుకోండి. ఇది తప్పనిసరి. రోజుకు పోయే క్రియాటినిన్ ఆడవాళ్లకు కిలో బరువుకు సుమారు 15–20 మిల్లీగ్రాములు, మగవాళ్లకు 20–25 ఉంటుంది. 50 కిలోల అమ్మాయి రిపోర్టులో ప్రోటీన్ 600, క్రియాటినిన్ 400 మిల్లీగ్రాములు ఉన్నాయనుకోండి. 0.6 గ్రాములే కదా, గీత కిందికి వచ్చేశాం అనిపిస్తుంది. కానీ క్రియాటినిన్ కనీసం 750 రావాలి. దాదాపు సగం మూత్రం క్యాన్‌లోకి చేరనే లేదు. 600ని 400తో భాగిస్తే రేషియో 1.5. ఈ రేషియో రోజుకు పోయే ప్రోటీన్ గ్రాములకు సుమారుగా సరిపోతుంది. జబ్బు ఇంకా చల్లారలేదు. అయితే స్టెరాయిడ్లు చాలాకాలం వాడి కండ కరిగినవాళ్లకు క్రియాటినిన్ నిజంగానే తక్కువ రావచ్చు. అది డాక్టరుకు గుర్తుచేయండి.

మధ్యలో చూసుకునేందుకు పొద్దున మొదటి మూత్రంతో ప్రోటీన్-క్రియాటినిన్ రేషియో చాలు. ప్రతిసారీ ఒకే ల్యాబ్‌లో చేయించండి. నెలసరి, జ్వరం, యూరిన్ ఇన్ఫెక్షన్ ఉన్న రోజుల్లో వద్దు. మైక్రోఆల్బుమిన్ రిపోర్టు (ఆల్బుమిన్ అనే ఒక్క ప్రోటీన్‌నే కొలిచేది) వేరు, దాన్ని ఈ గీతలతో పోల్చకూడదు. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు సొంతంగానే ప్రోటీన్ తగ్గిస్తాయి కాబట్టి వాటి డోసు మారిన తేదీ రిపోర్టు మీదే రాసిపెట్టండి. లేకపోతే ఆ తగ్గుదల లూపస్ మందు మైకోఫెనోలేట్ ఖాతాలో పడుతుంది.

పన్నెండో నెలకు గీత కిందికి రాకపోతే కిడ్నీ పోయినట్టు కాదు. అలా రానివాళ్లలోనూ చాలామందికి తర్వాత బాగానే ఉంది. మొదట్లో రోజుకు 3 గ్రాములకు పైగా పోయినవాళ్లకు ఇంకో 6 నుంచి 12 నెలలు పట్టవచ్చు. ఆ గడువు రక్తంలో క్రియాటినిన్ నిలకడగా ఉన్నవాళ్లకే. అది పెరుగుతుంటే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా ఆ వారమే డాక్టరును కలవండి.