వానలకు ముందే పాత జిప్సీ చప్పుళ్ళు వినండి

మే నెల దాటకముందే, రోడ్డు పొడిగా ఉన్నప్పుడే, పాత మారుతి జిప్సీ జీపు కింద నుంచి వచ్చే చప్పుడు సంగతి తేల్చుకోండి. జూన్ వచ్చాక టాపు మీద చినుకుల మోతలో ఏదీ వినపడదు. గుడిస కొండ ఎక్కుతుండగా ఇంజన్ బలాన్ని చక్రాలకు అందించే షాఫ్ట్ ఊడితే మెకానిక్ కోసం మారేడుమిల్లి దాకా దిగాల్సిందే.

స్పానర్ ముట్టుకోకుండా ముందు ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీదకు తీసుకెళ్ళండి. అరవైలో పోతుండగా క్లచ్ తొక్కి న్యూట్రల్ చేయండి. ఇంజన్‌తో పాటే చప్పుడూ తగ్గిందంటే ఇంజన్, క్లచ్, గేర్‌బాక్సుల వైపు చూడాలి. బండి వేగంతోనే సాగిందంటే షాఫ్టులు, డిఫరెన్షియల్ (ఎడమ, కుడి చక్రాల మధ్య ఉండే పళ్ళ చక్రాల డబ్బా), చక్రాల బేరింగులు. యాక్సిలరేటర్ తొక్కితే ఒకలా, వదిలితే ఇంకోలా మూలిగితే డిఫరెన్షియల్‌లోని పెద్ద పళ్ళ చక్రాల జత, అంటే క్రౌన్-పినియన్ మీద అనుమానం. బండి ఎడమకు తిరిగినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. హోరు అప్పుడే పెరిగితే కుడివైపు బేరింగ్ చూడండి. మడ్ టైర్ల హోరైతే తారు దిగి మట్టిలోకి రాగానే మారిపోతుంది.

జిప్సీలో బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్సుకు అతుక్కుని ఉండదు. మధ్యలో పొట్టి షాఫ్ట్ ఒకటి ఉంటుంది, ముందుకూ వెనక్కూ వెళ్ళేవి మరో రెండు. అన్నిటికీ వంగే కీళ్ళలాంటి క్రాసులే. గేరు వేసి క్లచ్ వదలగానే 'టంగ్' మంటే ముందు ఇక్కడే వెతకాలి. నా బండికి అదే చప్పుడు వస్తే క్రౌన్-పినియన్ మార్చాలన్నారు. తీరా చూస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ మోసే మూడు రబ్బరు మౌంట్లలో ఒకటి నిలువునా చీలిపోయి ఉంది.

చదునైన చోట చక్రాలకు ముందూ వెనకా రాళ్ళు పెట్టి, బండి న్యూట్రల్‌లో ఉంచి, షాఫ్టును చేత్తో అటూ ఇటూ తిప్పండి. క్రాస్ దగ్గర సందు కనిపించినా, చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలినా మార్చాల్సిందే. విప్పేముందు సుద్దతో గీత పెట్టుకోండి. తిరిగి బిగించేటప్పుడు క్రాసును పట్టుకునే యోక్‌లు వరస తప్పితే కొత్త క్రాసుతోనూ బండి వణుకుతుంది.

ఫోర్ వీల్ వేసి పొడి తారు మీద స్టీరింగ్ పూర్తిగా తిప్పి పరీక్షించొద్దు. ముందు, వెనక షాఫ్టులను వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ లేని బండి కాబట్టి ముందూ వెనకా ఒకదాన్నొకటి పట్టుకుని ఎగిరెగిరి పడుతుంది. అది రిపేరు కాదు. మట్టి నేల మీదే చూడండి.

ఇక డిఫరెన్షియల్ ఆయిల్. ముందు ఆయిల్ పోసే ఫిల్లర్ బోల్టు ఊడుతుందో లేదో చూసుకున్నాకే డ్రెయిన్ విప్పండి, లేకపోతే ఖాళీ హౌసింగ్‌తో (డిఫరెన్షియల్ డబ్బాతో) మిగిలిపోతారు. డ్రెయిన్ బోల్టుకు అంటిన నల్లటి ముద్దను వేళ్ళ మధ్య నలపండి. కాటుకలా మెత్తగా ఉంటే మామూలు అరుగుదలే. ఇనుప పలుకులు గుచ్చుకుంటే హౌసింగ్ విప్పించాలి. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్ళు దిగాయి.

ఆ నీళ్ళు ఎలా దిగుతాయంటే, వేడెక్కిన హౌసింగ్ చల్లటి వాగులో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోతుంది. గాలి ఆడే సన్న రంధ్రం, అంటే బ్రీదర్ బురదతో మూసుకుపోయి ఉంటే ఆ లాగుడుకు సీళ్ళ పక్కనుంచి నీళ్ళు లోపలికి వస్తాయి. అందుకే బ్రీదర్ శుభ్రం చేసి, గొట్టం తగిలించి పైకి కట్టండి. వాగు ఒడ్డున హౌసింగ్ మీద చెయ్యి ఆనించగలిగేంత వరకూ ఆగండి. నీరు పొంగుతుంటే మాత్రం ఎంత ఫోర్ వీలైనా దిగొద్దు. ఇంటికొచ్చాక ఫిల్లర్ బోల్టు విప్పి వేలు పెట్టి చూడండి. తెల్లగా అంటితే ఆ ఆయిల్‌తో ఇంకో ట్రిప్పు వెళ్ళొద్దు.