బీఈడీలో చేరే ముందు చూసుకోవాల్సినవి

కర్నూలు జిల్లాలో డిగ్రీ ముగించి "టీచర్ అవుదామా?" అని ఆలోచిస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు.

• ముందు ఒక వారం బడిలో కూర్చోండి. ఆదోని, కోసిగి వైపు ఏదైనా ప్రభుత్వ బడికి పోయి, హెడ్మాస్టరు సారును అడిగి వెనక బెంచీలో కూర్చోండి. అక్కడ కొందరు పిల్లలు ఇంట్లో మాట్లాడేది కన్నడం. పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి అమ్మానాన్న గుంటూరు వైపు వలస పోతే పిల్లలూ వెంట పోతారు. తిరిగొచ్చేసరికి పాఠాలు ఎంతో ముందుకు పోయుంటాయి. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పే ఓపిక మీకుందా? నా లెక్కలో టెట్ (టీచర్ అర్హత పరీక్ష) కన్నా పెద్ద పరీక్ష ఇదే.

• ఏ తరగతులకు చెప్పాలో తేల్చుకోండి. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక బీఈడీతో ఎస్జీటీ (ఒకటి నుంచి ఐదో తరగతి వరకు చెప్పే టీచరు) పోస్టుకు అర్హత లేదు. చిన్నపిల్లలకే చెప్పాలనుంటే డీఈఎల్‌ఈడీ (చిన్న తరగతుల టీచర్ల శిక్షణ డిప్లొమా) దారి పట్టండి. రెండూ రెండేళ్ల చదువులే.

• ఎదురుచూపుకు ఇల్లు తట్టుకుంటుందా? 2018 తర్వాత మెగా డీఎస్సీ (ప్రభుత్వ టీచరు పోస్టులు భర్తీ చేసే పరీక్ష) నోటిఫికేషన్ 2025 ఏప్రిల్‌లో, 16,347 పోస్టులతో వచ్చింది. మళ్లీ నోటిఫికేషన్ వచ్చేవరకు ప్రైవేటు బడిలో చేరాల్సి వస్తే వేసవి సెలవులకు జీతం ఇస్తారో లేదో ముందే అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా వదలొద్దు. నేను ఒకచోట ఇచ్చి, వాటి కోసం నెలల తరబడి తిరిగాను.

• టెట్ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది, డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది. మంచి మార్కులకే రాయండి.

• "ఆడపిల్లకు టీచరుద్యోగమైతే బాగుంటుంది" అని ఇంట్లో అంటున్నారని మాత్రం చేరొద్దు, చెల్లీ.