వ్యాన్ ఎక్కనని దున్నపోతు మొరాయిస్తే

హోస్కోటె దగ్గర మా బావ దున్నపోతు దూడల్ని మేపుతాడు. వాటిని వ్యాన్ ఎక్కించాలంటే ప్రతిసారీ గంట రభస: తోకలు మెలిపెట్టడం, కర్రలు, కేకలు. మొన్న విసుగొచ్చి నేనే ఎక్కే పలక ముందు దూడ ఎత్తుకి వంగి చూశాను. ఎదురుగా టార్పాలిన్ కొస ఒకటి గాలికి టపటపా కొట్టుకుంటోంది. లోపల రేకు తళతళా మెరుస్తోంది. నాకే అడుగు పడలేదు!

ముందు ఆ కొస కట్టేశాం. పలక మీదా వ్యాన్ లోపలా రేకు కనబడకుండా రెండు గోనెల వరిగడ్డి పరిచాం, అడుగున కాస్త ఇసుక. ఎండ దూడల కళ్లలో పడకుండా బండి తిప్పి పెట్టాం. పలక బాగా నిటారుగా ఉంటే కింద మట్టి పోసి వాలు తగ్గించండి. అన్నింట్లో నిదానమైనదాన్ని ముందు నడిపించాలి, మిగతావి దాని వెంటే వస్తాయి. ఆగితే కొట్టకండి. దాని పక్కనే తల వైపు నుంచి తోక వైపు నడవండి చాలు. మీరు భుజం దాటగానే అది ముందుకి కదులుతుంది. మా నాలుగు దూడలూ పది నిమిషాల్లో ఎక్కేశాయి.

అప్పటికే బెదిరిపోయి ఉంటే మాత్రం ఇదేదీ పనిచేయదు. ఓ అరగంట వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి. కుంటుతున్నదాన్ని అసలు ఎక్కించకండి, ముందు డాక్టరుకి చూపించండి.