ఎండాకాలంలో ఐస్‌క్రీం మెషిన్ వాడబోయే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

ఏప్రిల్ సగం దాటేసరికి వరంగల్, హన్మకొండ, కరీంనగర్ ప్రాంతాలలో మధ్యాహ్నపు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మే నెలలో రామగుండం వైపు 45 డిగ్రీలు కూడా చూస్తాము. బడులకు సెలవులిచ్చి పిల్లలందరూ ఇంటిపట్టున ఉండే ఈ రోజుల్లోనే అటక మీది ఐస్‌క్రీం మెషిన్ కిందికి దిగుతుంది. మెషిన్‌కూ పాలకూ అన్నిటికన్నా కష్టమైన కాలం కూడా ఇదే. చల్లగా ఉంటుంది కనుక ఐస్‌క్రీంతో భయం లేదని చాలామంది నమ్ముతారు. గడ్డకట్టే చలిలో సూక్ష్మజీవుల పెరుగుదల ఆగుతుందే తప్ప అవన్నీ చావవు. మెషిన్‌లో పోయకముందే పాలలో చేరినవి చాలావరకు తినేవారి కడుపులోకి ప్రాణంతోనే వెళ్తాయి. అందుచేత జాగ్రత్తలు ముందు రోజు నుంచే మొదలు కావాలి.

ఇళ్లలో వాడే విద్యుత్ మెషిన్లు ప్రధానంగా మూడు రకాలు. గోడల మధ్య ద్రవం నింపిన గిన్నెను ముందుగా ఫ్రీజర్‌లో పెట్టి గడ్డకట్టించి వాడేది ఒకటి, సొంత కంప్రెసర్ ఉన్నది రెండవది, బకెట్‌లో ఐసు, దొడ్డుప్పు నింపి మోటారుతో లోపలి డబ్బాను తిప్పేది మూడవది. అమెరికాలో ఉన్న పిల్లలు వస్తూ తెచ్చిన మెషిన్లు కూడా మన ప్రాంతపు ఇళ్లలో కొన్ని ఉంటాయి. వాటి విషయంలో మొదట చూడవలసింది అడుగున అంటించిన వివరాల పట్టీ. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. పిన్ను మార్చే చిన్న అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని తగ్గించదు. పట్టీ మీద 120 అని మాత్రమే ఉంటే ఆ మెషిన్‌ను మన సాకెట్‌లో నేరుగా పెట్టకూడదు. పెడితే మోటారు కాలిపోవచ్చు, మంట కూడా రావచ్చు. వోల్టేజీని తగ్గించే, తగినన్ని వాట్ల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నా ఫ్రీక్వెన్సీ (హెర్ట్జ్) తేడా అలాగే ఉంటుంది కనుక, కంప్రెసర్ ఉన్న రకాన్ని ఆ పద్ధతిలో నడపకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

కంప్రెసర్ మెషిన్‌ను అటక మీది నుంచి పక్కకు వంచి దించితే, మెషిన్‌తో పాటు వచ్చిన సూచనల పుస్తకంలో చెప్పినంత సేపు నిటారుగా ఉంచిన తరువాతే స్విచ్ వేయాలి. ఆ పుస్తకం పోయినట్లయితే ఒక రోజంతా ఆగడం క్షేమం. లోపలి వేడి బయటికి పోయే జాలీని గోడకు ఆనించకూడదు, పొయ్యి పక్కన అసలే పెట్టకూడదు. ఈ రకంలో చాలా మెషిన్లలో మండే స్వభావం గల వాయువును వాడతారు కాబట్టి, అంటుకున్న మంచును కత్తితో గీకితే గొట్టానికి చిల్లుపడే ప్రమాదం ఉంది. మధ్యలో కరెంటు పోతే వెంటనే స్విచ్ ఆపి, వచ్చిన తరువాత కనీసం 5 నిమిషాలు ఆగి మళ్లీ వేయాలి. లేకపోతే కంప్రెసర్ మీద ఒత్తిడి పడి చెడిపోతుంది. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్ తప్పనిసరి. ఎండాకాలంలో కూలర్ నీళ్లు కారి నేల తడిగా ఉండే ఇళ్లు ఎన్నో. ఆ తడి మీద ఒట్టి కాళ్లతో నిలబడి మెషిన్ ముట్టుకోవడం ప్రాణాంతకం. ఈ ఒక్క మాట పిల్లలకు పదేపదే చెప్పండి.

ఇక పాల సంగతి. వాడుక పాలైనా ప్యాకెట్ పాలైనా పొంగు వచ్చే దాకా కాచాలి. ప్యాకెట్ పాలు పాశ్చరైజ్ చేసినవే అయినా, దుకాణం ముందు ట్రేలలో ఎంతసేపు ఎండలో ఉన్నాయో మనకు తెలియదు. అసలు ప్రమాదం కాచిన తరువాత వస్తుంది. కొన్ని సూక్ష్మజీవుల బీజాలు మరిగించినా చావవు. పాలు గోరువెచ్చగా ఎక్కువసేపు ఉంటే అవి మొలకెత్తి పెరుగుతాయి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య పాలు ఉండే సమయం మామూలుగా 2 గంటలు దాటకూడదు, మన వేసవి వంటగదిలో అయితే గంట కూడా దాటనివ్వకూడదు. కాబట్టి చల్లారడానికి గట్టు మీద వదిలేయకుండా, గిన్నెను ఐసు వేసిన నీళ్ల టబ్బులో ఉంచి కలియబెడుతూ త్వరగా చల్లార్చి, వెడల్పాటి గిన్నెలలో పోసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచాలి. ఇలా చల్లబడిన మిశ్రమం మెషిన్‌లో త్వరగా గడ్డకడుతుంది కూడా. మొక్కజొన్న పిండి, కస్టర్డ్ పౌడర్ వంటివి పాలతో పాటు ఉడకాలి. గుడ్డు వేసే పద్ధతి ఎంచుకున్నవారు మిశ్రమాన్ని 71 డిగ్రీలకు చేర్చి, థర్మామీటర్‌తో సరిచూసుకోవాలి. థర్మామీటర్ లేని ఇంట్లో గుడ్డు లేకుండా చేయడమే మంచిది. పచ్చి గుడ్డు మాత్రం ఎవరికీ పెట్టవద్దు, అందులోనూ గర్భిణులకు, పసిపిల్లలకు, ముసలివారికి.

బకెట్ రకం వాడేవారికి ఐసు, ఉప్పు రెండూ జాగ్రత్త పడవలసినవే. ఐసు ఫ్యాక్టరీ నుంచి పొట్టు కప్పి, గోనెసంచిలో తెచ్చే దిమ్మలు తినడానికి పనికిరానివి కావచ్చు. తినకూడని ఐసుకు నీలి రంగు కలపాలని 2018 నుంచి ఆహార భద్రతా సంస్థ నిబంధన ఉంది, కానీ రంగు లేదు కదా అని ధైర్యపడవద్దు. ఆ ఐసును డబ్బా బయట మాత్రమే వాడి, మిశ్రమానికి ఒక్క చుక్క కూడా తగలనివ్వకూడదు. ఉప్పు కలిసిన ఐసు సున్నా కన్నా ఎంతో కిందికి, దాదాపు మైనస్ 20 డిగ్రీల దాకా చల్లబడగలదు. చేత్తో పట్టుకుంటే నిమిషాల్లోనే చర్మం కాలినట్టు బొబ్బలెక్కుతుంది. పెద్దవారు మందపాటి గ్లవుజులు వేసుకుని నింపాలి. ఉప్పునీరు డబ్బా మూత దాకా రాకుండా బకెట్ రంధ్రాన్ని తెరిచి ఉంచాలి, మూత తీసేముందు దాని చుట్టూ బట్టతో తుడవాలి. పనయ్యాక ఆ నీటిని చెట్ల మొదళ్లలో పోయరాదు.

ఫ్రీజర్ గిన్నె రకంలో మైనస్ 18 డిగ్రీల చలి కావాలి. ఈ ఎండలకు మాటిమాటికీ తలుపు తెరిచే ఫ్రిజ్‌లలో అంత చలి నిలవదు. 24 గంటలు ఉంచి, ఊపి చూస్తే లోపల ద్రవం కదిలే చప్పుడు రాకూడదు. గిన్నెలో తడి ఉంటే ఆ నీరు గడ్డకట్టి, మిశ్రమాన్ని కలిపే మెషిన్ గరిటెను ఆపుతుంది. లోపలి గోడను తడి చేతితో తాకితే చర్మం అతుక్కుంటుంది. ముందు మోటారు తిరగనిచ్చి, ఆ తరువాతే మిశ్రమం పోయాలి. పోసిన తరువాత స్విచ్ వేస్తే అది గోడకు పట్టి గరిటె ఇరుక్కుంటుంది.

ఏ రకమైనా గిన్నెను మూడింట రెండు వంతులకు మించి నింపవద్దు. గాలి చేరి మిశ్రమం పొంగుతుంది. మామిడిపండ్లు తొక్కతో పాటు కడిగి కోయాలి. బాదం, జీడిపప్పు చివరి నిమిషంలో వేయాలి. మోటారు చప్పుడు మారి బరువెక్కిన వెంటనే ఆపేయాలి. తిరుగుతుండగా చెంచా పెట్టి రుచి చూడడం, చేయి పెట్టి గీకడం ఎంతమాత్రం కూడదు.

తయారైనదాన్ని లోతు తక్కువ డబ్బాలలో సర్ది, వెంటనే ఫ్రీజర్‌లో పెట్టాలి. కరిగి నీరైనదాన్ని మళ్లీ గడ్డకట్టించి పెట్టకూడదు. పెళ్లిళ్లకు ఊరెళ్లేవారు ఫ్రీజర్‌లో గడ్డకట్టిన నీళ్ల గ్లాసు మీద ఒక నాణెం ఉంచి వెళ్తే మంచిది. తిరిగొచ్చాక నాణెం అడుగున కనిపిస్తే, కరెంటు పోయి అంతా కరిగి మళ్లీ గట్టిపడిందని అర్థం, ఆ డబ్బాను పారబోయాలి. గరిటెను, మూత రబ్బరును పాలజిడ్డు ఎండకముందే విడదీసి సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. మోటారు భాగాన్ని మాత్రం ప్లగ్ తీసిన తరువాత తడిబట్టతో తుడవాలే తప్ప నీళ్ల కింద పెట్టకూడదు.