సబ్జెక్ట్ పోయిందా? ముందు ఎక్కడ చెడిందో చూద్దాం

బండి స్టార్ట్ కాకపోతే మెకానిక్ వెంటనే ఇంజన్ దించడు. పెట్రోల్ ఉందా, ప్లగ్‌లో స్పార్క్ వస్తోందా అని చూస్తాడు. సబ్జెక్ట్ పోయిన రోజు మనం మాత్రం నేరుగా ఇంజన్ మీదే పడతాం. "నాకు బుర్ర లేదు", "నేను ఇంజనీరింగ్‌కి పనికిరాను" అంటాం. బీటెక్ రెండో సంవత్సరంలో నాకు రెండు సబ్జెక్టులు పోయినప్పుడు నేనూ ఇదే పాట పాడాను. ఇప్పుడు సాయంత్రాలు సప్లీ (పోయిన సబ్జెక్టు పరీక్ష మళ్లీ) రాసే పిల్లలకు లెక్కలు చెబుతుంటాను. అందరూ "అయిపోయింది సార్" అనే వస్తారు. నాలుగు ప్రశ్నలు అడిగితే ఒక్కొక్కరి సమస్య ఒక్కోలా ఉంటుంది. ఒకరి మందు ఇంకొకరికి పనిచేయదు. వాళ్లు చెప్పే మాటలే కింద ఒక్కొక్కటిగా పెట్టాను, మీది ఏదో చూసుకోండి.

రిజల్ట్ చూడగానే గుండె దడ, చేతులు చల్లబడ్డాయి, ఫోన్ స్విచాఫ్ చేసేశాను

కారణం: వీధికుక్క వెంటపడితే ఒంట్లో ఏం జరుగుతుందో ఇప్పుడూ అదే జరుగుతోంది. అడ్రినలిన్ పెరిగింది. ఆ స్థితిలో పరిగెత్తడం బాగా వస్తుంది, ఆలోచించడమే రాదు.

ఏం చేయాలి: రెండు రోజుల పాటు ఏ పెద్ద నిర్ణయమూ వద్దు. కోర్సు మానేయడం, కాలేజీ మారడం లాంటి మాటలు మూడో రోజు మాట్లాడుకోవచ్చు. అన్నం తినండి. తలుపేసుకుని ఒక్కరే కూర్చోకండి. ఇంకో మాట: పక్కవాళ్ల హాల్ టికెట్ నంబర్లు ఒక్కొక్కటే కొట్టి ఎవరికెంత వచ్చిందో చూడటం ఆపండి. నేను ఆ రాత్రి క్లాసులో సగం మందివి చూశాను. దానివల్ల నా మార్కులేం పెరగలేదు.

నిద్ర లేదు, తిండి సయించడం లేదు, బతకాలని లేదు

ఇది చదువు సమస్య కాదు, టైమ్‌టేబుల్ వేసుకుంటే తీరదు. దిగులుతో పాటు నిద్ర, ఆకలి, ఇష్టమైన పనుల మీద ఆసక్తి రెండు వారాలుగా పోయి ఉంటే అది డిప్రెషన్ కావచ్చు, డాక్టరుకు చూపించుకోవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తుంటే మాత్రం రెండు వారాలు కాదు, రెండు గంటలు కూడా ఆగొద్దు. వెంటనే దగ్గర ఉన్న మనిషికి చెప్పండి, 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే 108.

రూమ్మేట్ అలా ఉంటే "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి. "ఎవరికీ చెప్పను" అని ఒట్టేసి ఉన్నా సరే, వాళ్లింట్లో చెప్పండి.

మన దగ్గర ఒక అడ్డంకి ఉంది. "ఎర్రగడ్డకు పంపించాలి వీణ్ని" అని సరదాగా అనేస్తాం. విశాఖ వైపయితే చినవాల్తేరు పేరు ఎత్తుతారు. మానసిక ఆసుపత్రి ఉన్న చోటి పేరునే తిట్టుగా వాడుకుంటే అవసరమైనవాడు అక్కడికి ఎలా వెళ్తాడు? పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. జ్వరానికి చీటీ రాయించుకున్నట్టే దీనికీ రాయించుకోవచ్చు.

చదివాను, హాల్లో ఏమీ గుర్తు రాలేదు

ఎక్కువమంది చెప్పేది ఇదే. దీనికి రెండు కారణాలు ఉన్నాయి. పైకి ఒకేలా కనిపిస్తాయి కానీ రెండూ పూర్తిగా వేరు. తేల్చుకోవడానికి ఒక ప్రశ్న చాలు: పరీక్ష అయ్యాక, బస్సులో కూర్చున్నప్పుడు ఆ జవాబు గుర్తొచ్చిందా?

రాలేదంటే, అది అసలు బుర్రలోకి ఎక్కలేదు. ఆల్ ఇన్ వన్ గైడు మూడుసార్లు తిరగేస్తే ప్రతి పేజీ తెలిసినట్టే ఉంటుంది. పెళ్లిలో కనిపించిన దూరపు చుట్టం మొహం గుర్తుంటుంది, పేరు అడిగితే రాదు. చదవడం మొహం గుర్తుపట్టడం లాంటిది, పరీక్షలో అడిగేది పేరు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు దీన్ని పరీక్షించి 2006లో ప్రచురించారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే రాసినవాళ్లు ముందున్నారు. పరీక్షకు ముందు రాత్రి "అంతా వచ్చేసింది" అనిపించడం ఎందుకు నమ్మకూడదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఏం చేయాలి: ఒక యూనిట్ ఒకసారి చదివి పుస్తకం మూసేయండి. తెల్ల కాగితం మీద గుర్తున్నది రాయండి. సగం రాదు, చిరాకేస్తుంది, వేయనివ్వండి. తెరిచి రానిది మాత్రమే చూసుకుని మర్నాడు మళ్లీ రాయండి. పాత ప్రశ్నపత్రాల్లో లెక్కలను సొల్యూషన్ చూడకుండా చివరిదాకా చేయండి. "ఇంపార్టెంట్ క్వశ్చన్స్" పీడీఎఫ్‌లు పోగేయడం చదువు కాదు. నా ఫోన్‌లో అవి ముప్పై దాకా ఉండేవి.

బస్సులో జవాబు గుర్తొచ్చిందంటే, చదువు బాగానే ఉంది, టెన్షన్ అడ్డుపడింది. అలాంటివాళ్లకు ఇంకా ఎక్కువ చదవమని చెప్పడం తప్పు. వాళ్లు రాత్రంతా మేలుకుని, టీ మీద టీ తాగి, సమస్యను ఇంకా పెంచుకుంటారు. వీళ్లు ఇంట్లోనే గడియారం పెట్టుకుని మూడు గంటలు పూర్తి పేపరు రాయాలి. కనీసం మూడుసార్లు. పరీక్ష వాతావరణం అలవాటైతే భయం సగం తగ్గుతుంది. పరీక్షలో చేయి వణికితే పెన్ను కింద పెట్టి, నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఏడు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది. ఐదారుసార్లు చేశాక పార్ట్ ఏలో మీకు తెలిసిన చిన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. పరీక్ష ముందు రాత్రి నిద్ర మాత్రం పోగొట్టుకోకండి.

రెండు మూడు మార్కుల్లో పోయింది, వాల్యుయేషన్ సరిగా చేయలేదు

కోపం వస్తుంది, నిజమే. ముందు లెక్క చూద్దాం. జేఎన్‌టీయూ హైదరాబాద్ పరీక్షల నియమావళి అయిన ఆర్22 రెగ్యులేషన్‌లో ఇంటర్నల్స్ (కాలేజీలో పెట్టే మిడ్స్ లాంటివి) 40, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష) 60. ఎక్స్‌టర్నల్‌లో కనీసం 21 రావాలి, రెండూ కలిపి 40 రావాలి. ఇంటర్నల్స్ 15 ఉన్నవాడికి ఎక్స్‌టర్నల్‌లో 22 వచ్చినా మొత్తం 37, ఫెయిలే. అతనికి కావాల్సింది 25. అంటే ఈ మూడు మార్కులు పోయింది ఎక్స్‌టర్నల్‌లో కాదు, మిడ్స్ రోజు "ఇవి ఎవడు చూస్తాడులే" అన్నప్పుడు. మీ రెగ్యులేషన్ వేరైతే మీ లెక్క మీరు వేసుకోండి. సప్లీలో ఎన్ని తెచ్చుకోవాలో ఒక అంకె తేలితే, భయానికి ఒక కొలత దొరుకుతుంది.

లెక్క సరిగ్గానే ఉండి, రాసినదానికి మార్కులు తక్కువనిపిస్తే రీకౌంటింగ్, రీవాల్యుయేషన్ ఉన్నాయి. మొదటిదానిలో మొత్తం సరిగ్గా కూడారా అనేది చూస్తారు, రెండోదానిలో పేపరు మళ్లీ దిద్దుతారు. గడువు చాలా తక్కువ, నోటిఫికేషన్ వచ్చిన రోజే చూసుకోవాలి. రెండు పెద్ద ప్రశ్నలు వదిలేసి వచ్చినవాళ్లు మాత్రం ఆ డబ్బు దాచుకోవడం మేలు. రాయని జవాబుకు మార్కులు ఎవరూ వేయలేరు. రీవాల్యుయేషన్ రిజల్ట్ వస్తుందని సప్లీ చదువు ఆపితే, ఒక్కోసారి ఆ రిజల్ట్ కన్నా ముందే సప్లీ ఫీజు గడువు దాటిపోతుంది.

నాలుగైదు బ్యాక్‌లాగ్స్ (ఇంకా పాసవ్వని సబ్జెక్టులు) ఉన్నాయి, పుస్తకం చూస్తేనే కడుపులో తిప్పుతోంది

అన్నీ ఒకేసారి కళ్ల ముందుకు రావడం వల్ల. ఈసారికి రెండు ఎంచుకోండి: ఒకటి కొద్ది మార్కుల తేడాతో పోయినది, రెండోది వేరే సబ్జెక్టులకు పునాది అయినది. ఎం1 (మ్యాథ్స్ 1) రాకుండా ఎం2తో కుస్తీ పడితే రెండూ పోతాయి. ఫీజు అన్నిటికీ కట్టండి, చదవడం ఆ రెండే. మిగతావి వచ్చినంత రాసి రండి.

ఫ్రెండ్స్‌కి ప్లేస్‌మెంట్ వచ్చింది, నన్ను టెస్టుకే కూర్చోనివ్వలేదు

చాలా కంపెనీలు యాక్టివ్ బ్యాక్‌లాగ్ ఉంటే రానివ్వవు, దీనికి ఓదార్పు మాటలు పనిచేయవు. వాళ్ల స్వీట్ బాక్స్ ఫోటోలు కొన్నాళ్లు మ్యూట్‌లో పెట్టినా తప్పు లేదు. అన్నీ క్లియర్ అయ్యాక ఆఫ్ క్యాంపస్ దారి తెరుచుకుంటుంది. ఆలస్యమవుతుంది, అంతే.

ఇంట్లో ఎలా చెప్పాలో తెలియడం లేదు

నేను చెప్పలేదు. "ఆల్ క్లియర్" అన్నాను. నాలుగు నెలలు ఆ అబద్ధాన్ని మోశాను. సబ్జెక్టులు పోయిన బాధ వారంలో తగ్గింది. అమ్మ పక్కింటివాళ్లతో "మావాడు అన్నీ పాసయ్యాడు" అన్నప్పుడల్లా కడుపులో మెలిపెట్టినట్టు ఉండేది.

కారణం: మనం భయపడేది తిట్లకు కాదు, వాళ్ల మొహం వాడిపోవడానికి. అందుకే సరైన సమయం కోసం చూస్తాం. అది రాదు.

ఏం చేయాలి: ఇద్దరిలో మెత్తగా ఉండేవారికి ముందు చెప్పండి. అక్కో మేనమామో తోడుంటే ఇంకా మంచిది. లెక్చరర్ల మీదా పేపర్ల మీదా కథ అల్లకుండా రెండే వాక్యాలు: ఎన్ని పోయాయి, మళ్లీ ఎప్పుడు రాస్తాను. "నాన్నా, రెండు సబ్జెక్టులు పోయాయి. నవంబరులో సప్లీ రాస్తాను." కేకలేస్తే ఆ పూటకు వినండి, వాదించకండి.

చివరికి సప్లీ ఫీజు కోసం డబ్బు అడగాల్సి వచ్చి, ఒక ఆదివారం పొద్దున నాన్నకు చెప్పాను. ఆయన చాలాసేపు పేపరు మడతపెడుతూ కూర్చున్నారు. తర్వాత తల ఎత్తి, "కట్టడానికి ఆఖరు తేదీ ఎప్పుడు?" అన్నారు.